హాంకాంగ్ బట్టల బేరము

ఇతర రాజ్యములతో ఒడంబడికలు కుదుర్చుకొనుట స్వతంత్ర దేశములకు మాత్రమే చెల్లిన పని యని సాధారణముగా మనము తలంతుము. తనదగు రాయబారి లేక, ప్రజలు ఎన్నుకొన్న శాసనసభయైనను లేక, సముద్రతీరమున ఒక మూలనున్న చిన్న వలసరాజ్యము అమెరికాతోను, ఐరోపా రాజ్యములతోను ఎదురెదురుగా కూర్చుండి గజము గజమునకు బేరమాడినదన్నచో వింతగా తోచును. కొన్ని సమయములందు ఆ బల్లకు ఆవలివైపున దాని పాలకదేశమే ఉండెనన్నచో మరింత వింతగా తోచును. ఆ వలసరాజ్యము హాంకాంగ్. బేరము బట్టలను గూర్చినది.

ఈ వాణిజ్య స్వాతంత్ర్యము హాంకాంగ్ పోరాడి గెలుచుకొన్నది కాదు. లండను దయతలచి ఒక శుభదినమున ప్రసాదించినదియు కాదు. ఆ రేవునుండి వెడలు బట్టలపై ఇతరులు విధింపగోరిన ఆంక్షలే దానికి మాటాడు నోటిని ఇచ్చినవి. ఇది ఎట్లు జరిగినదో, దానివలన ఎవరికి ఏమి దక్కినదో ఇచట పరిశీలింతము.

హాంకాంగ్ వైపు పోవుటకు ముందు మన యింటి అనుభవమును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొందము. పాలకదేశపు మిల్లులకును, పాలితదేశపు మిల్లులకును పోటీ వచ్చినపుడు ఏమి జరుగునో మన పెద్దలు చూచియున్నారు. 1896లో భారత ప్రభుత్వము విదేశీ నూలుబట్టపై నూటికి మూడున్నర వంతున దిగుమతి సుంకము నిర్ణయించినపుడు, లాంకషైరు మిల్లు యజమానుల పట్టుదల వలన మన దేశపు మిల్లుబట్టపైనను సరిగా అంతే ఎక్సైజు పన్ను వేసిరి. సుంకము చాటున మన మిల్లులకు ఇసుమంత మేలైనను కలుగరాదన్నదే దాని ఉద్దేశము. ముప్పది యేండ్ల ఆందోళన పిమ్మట, 1925 చివర ఆ పన్ను నిలుపబడి, 1926లో రద్దయినది.

ఈ లోపల 1919లో బ్రిటిషు పార్లమెంటు సంయుక్త సంఘము ఒక సంప్రదాయమును సూచించినది. సుంకముల విషయమున భారత ప్రభుత్వమును, ఇచటి శాసనసభయు ఏకాభిప్రాయముతో నున్నచో లండను అడ్డు రాకూడదన్నది దాని సారాంశము. ఈ వెసులుబాటు 1933లో పరీక్షకు నిలిచినది. జపాను బట్టల వెల్లువను ఆపుటకు భారత ప్రభుత్వము బ్రిటిషువి కాని నూలుబట్టలపై సుంకమును నూటికి 75 వంతులకు పెంచెను. అందుకు బదులుగా జపాను మిల్లులు మన ప్రత్తిని కొనుట మానివేసినవి. సిమ్లాలోను, పిదప ఢిల్లీలోను నెలల తరబడి సంప్రదింపులు జరిగి, 1934 జనవరిలో ఒప్పందము కుదిరెను. జపాను మన ప్రత్తిని 10 లక్షల బేళ్లు కొన్నచో 32 కోట్ల 50 లక్షల గజముల బట్ట పంపవచ్చును. 15 లక్షల బేళ్లు కొన్నచో 40 కోట్ల గజముల వరకు పంపవచ్చును. సుంకము 75 నుండి 50కి దిగెను. పాలితదేశపు ప్రభుత్వము మరియొక రాజ్యముతో బట్టల కొలతపై నేరుగా బేరమాడుట అట్లు మన గడ్డపైననే జరిగినది. ఐనను ఆ ప్రభుత్వము లండనుకు జవాబుదారి. ఒడంబడిక పత్రముపై తుది సంతకములు కూడ 1934 జూలైలో లండనులోనే జరిగెను. తాడు పొడవైనదే కాని, కొస మాత్రము లండను చేతిలోనే ఉండెను.

ఇక హాంకాంగ్ సంగతి. 1842నాటి నాన్‌కింగు సంధి వలన ఆ ద్వీపము బ్రిటను వశమైనది. నూరేండ్లకు పైగా అది తయారుచేసిన సరకు స్వల్పము. చీనాకు పోవునదియు, చీనానుండి వచ్చునదియు దింపి ఎక్కించుటయే దాని బ్రతుకు. సుంకములు లేని స్వేచ్ఛా రేవు గనుక ఆ వ్యాపారము చక్కగా సాగెను. 1949కి ముందు చీనాలో అంతర్యుద్ధము ముదిరినపుడు షాంఘై నగరపు మిల్లు యజమానులు అనేకులు తమ ధనముతోను, మేస్త్రీలతోను హాంకాంగ్ చేరిరి. తమ మిల్లుల కొరకు ఇంగ్లండునకును, అమెరికాకును ఆర్డరు పెట్టిన క్రొత్త యంత్రములను షాంఘైకి గాక హాంకాంగ్‌కే దింపించుకొనిరి. శరణార్థుల రాకతో, 1945లో సుమారు 6 లక్షలున్న జనసంఖ్య 1950ల ఆరంభమునకే 20 లక్షలు దాటినది. అంతలో కొరియా యుద్ధము వచ్చెను. 1951లో ఐక్యరాజ్యసమితి చీనాకు యుద్ధోపయోగకరమైన సరకులు పంపరాదని తీర్మానించుటతో రేవు వ్యాపారము కూలినది. ధనమున్నది, యంత్రమున్నది, పనికి ఎదురుచూచు చేతులు లక్షలున్నవి. పాత జీవనోపాధి మాత్రము లేదు. హాంకాంగ్ నూలు వడకుటకును, బట్ట నేయుటకును, దుస్తులు కుట్టుటకును దిగెను. కొలది కాలములోనే అచట తయారై విదేశములకు పోవు సరకులో బట్టలు, కుట్టిన దుస్తులు కలిసి దాదాపు సగమయ్యెను.

ఆ బట్టలకు బ్రిటనులో తలుపులు బార్లా తెరచియుండెను. 1932లో ఒట్టావా నగరమున కుదిరిన సామ్రాజ్య ప్రాధాన్య ఒప్పందముల వలన సామ్రాజ్య దేశముల సరకునకు బ్రిటనులో సుంకపు మినహాయింపు దొరికినది. లాంకషైరు బట్ట సామ్రాజ్యమంతట అమ్ముడుపోవలెనన్న ఆశయే ఆనాటి ఒప్పందములకు ఒక కారణము. పాతిక యేండ్లు గడచుసరికి ఆ బాటపైననే కోరా గుడ్డ ఎదురు నడచి లాంకషైరు చేరినది. హాంకాంగ్ నుండి, భారతమునుండి, పాకిస్తానునుండి వచ్చు చవుక బట్టతో అచటి మిల్లులు మూతపడజొచ్చినవి. ఒకప్పుడు ప్రపంచమునకు బట్ట కట్టిన బ్రిటను, 1950ల చివరకు తాను పంపు నూలుబట్టకంటె తెప్పించుకొనునదే ఎక్కువైన స్థితికి వచ్చెను. లాంకషైరు పార్లమెంటు సభ్యులు ఆంక్షలు విధింపుమని తమ ప్రభుత్వమును నిలదీసిరి.

ఇచటనే లండను ఇరుకున పడెను. హాంకాంగ్ తన పాలనలోని భూభాగము. అచటి గవర్నరును నియమించునది తానే. ఒక్క ఆజ్ఞతో ఎగుమతులను ఆపివేయవచ్చును. కాని ఆ ఆజ్ఞ వెలువడినచో, ఓటు లేని వలసప్రజల కూడు తీసి ఓటున్న లాంకషైరు ప్రజలకు పెట్టినట్లు లోకమునకు తెల్లముగా కనబడును. వలసరాజ్యములు ఒకటొకటిగా స్వతంత్రములగుచున్న ఆ దినములలో అది చిన్న నింద కాదు. అదియును గాక, హాంకాంగ్ నిలదొక్కుకొనకున్నచో శరణార్థుల పోషణభారము లండను నెత్తిన పడును. పోనీ, దిగుమతిపై తానే హద్దు విధింతమన్నచో సామ్రాజ్య దేశములకిచ్చిన మాట తప్పినట్లగును. అంతర్జాతీయ వాణిజ్యమునకు 1948నుండి కట్టుబాటుగానున్న గాట్ ఒడంబడికకును విరుద్ధమగును. వాదికిని, ప్రతివాదికిని ఒకే వకీలు కుదురునా? లండను వెదకిన ఉపాయమేమనగా, తాను ప్రక్కకు తప్పుకొని, లాంకషైరు పరిశ్రమయు హాంకాంగ్ పరిశ్రమయు తమలో తాము మాటాడుకొని 'స్వచ్ఛంద' ఒప్పందమునకు రావలెనని కోరుట.

హాంకాంగ్ మిల్లువారు మొదట ససేమిరా అనిరి. తమ బట్ట చట్టబద్ధముగా వచ్చుచుండగా, తమ చేతులను తామే ఏల కట్టుకొనవలెనన్నది వారి ప్రశ్న. ఒకరి యెదుట తల వంచినచో రేపు ప్రతివారును అదే అడుగుదురన్నది వారి భయము. ఆ భయము నిజమేయని తరువాత తేలినది. నెలల తరబడి ఒత్తిడి సాగిన పిమ్మట, ఒప్పుకొననిచో అంతకంటె కఠినమైనది రావచ్చునన్న సూచనల నడుమ, వారు దిగివచ్చిరి. 1959 ఫిబ్రవరి 1వ తేదీనుండి మూడు సంవత్సరముల పాటు బ్రిటనుకు ఏటికి 16 కోట్ల 40 లక్షల చదరపు గజములకు మించి నూలుబట్ట పంపరాదని నిర్ణయమైనది. దీనినే లాంకషైరు ఒప్పందమందురు. భారత, పాకిస్తాను పరిశ్రమలును ఇట్టి హద్దులకే సమ్మతించినవి. అనగా మన మిల్లులును ఈ కథలో ఒక పాత్ర వహించినవే.

ఈ ఒప్పందమున హాంకాంగ్ నష్టపడినది. కాని ఆ నష్టములోనే ఒక లాభము దాగియున్నది. ఒప్పుకొనుమని అడుగుట యనగా, ఒప్పుకొనకపోవుటకును హక్కు కలదని అంగీకరించుటయే గదా! బట్టల విషయమున హాంకాంగ్ ప్రయోజనము వేరు, బ్రిటను ప్రయోజనము వేరు అని లండనే చేతలతో చాటినట్లయినది. అంతకు ముందు సంవత్సరమే, 1958లో, హాంకాంగ్ బడ్జెటుపై తనకున్న లాంఛనపు అదుపును లండను వదలుకొనియుండెను. తన పన్నులు తాను వేసికొని, తన నాణెము తాను నడుపుకొని, తన ఖర్చు తాను భరించు ప్రభుత్వము తన వర్తకమును గూర్చి తానే మాటాడుట అసహజముగా తోచలేదు.

మిల్లువారు భయపడినట్లే రెండవ అతిథి వెంటనే వచ్చెను. 1957లో జపాను తన నూలుబట్టల ఎగుమతిని అమెరికాకు స్వయముగా తగ్గించుకొనగా, ఆ ఖాళీలోనికి హాంకాంగ్ చొక్కాలు, పైజామాలు ప్రవేశించినవి. 1959లో అమెరికా అధికారులు హాంకాంగ్ వచ్చి, లాంకషైరుకు చేసిన ఉపకారమే తమకును చేయుమని కోరిరి. అదే సంవత్సరము టోక్యోలో జరిగిన గాట్ సమావేశమున అమెరికా 'మార్కెట్టు కల్లోలము' అను మాటను ముందుకు తెచ్చెను. ఒక దేశమునుండి ఒక సరకు హఠాత్తుగా, స్థానిక ధరకంటె చాల తక్కువకు వచ్చిపడి, స్థానిక పరిశ్రమకు హాని చేసినను, చేయగలదను భయము కలిగించినను, దానిని కల్లోలముగా భావింపవచ్చునని 1960లో గాట్ సభ్యులు అంగీకరించిరి. ఆ మాటను ఆధారము చేసికొని 1961లో ఒక యేటి తాత్కాలిక ఏర్పాటును, 1962 అక్టోబరునుండి దీర్ఘకాలిక నూలుబట్టల ఏర్పాటును అమలులోనికి వచ్చినవి. అన్ని సరకులకు ఒక న్యాయము, బట్టలకు వేరొక న్యాయము అను స్థితి అట్లు ఏర్పడి నాలుగు దశాబ్దములకు పైగా నిలిచినది.

జెనీవాలో ఈ చర్చలు సాగునపుడు హాంకాంగ్‌కు ప్రత్యేక సభ్యత్వము లేదు. బ్రిటిషు ప్రతినిధివర్గపు నీడలోనే దాని అధికారులు కూర్చుండిరి. పత్రములందు 'హాంకాంగ్ తరఫున బ్రిటను' అనియే వ్రాయబడెను. కాని ఆ నీడలో కూర్చున్నవారు బ్రిటను మాటనే పలుకలేదు. బ్రిటను కొనుగోలు దేశము. కొనుగోలు దేశములకు హద్దులు కావలెను. హాంకాంగ్ అమ్మకపు దేశము. దానికి హద్దులు వలదు, ఉన్నచో సడలినవి కావలెను. ఒకే కుటుంబములో ఇద్దరు వ్యాజ్యమాడినట్లు, ఒకే ప్రతినిధివర్గమునుండి రెండు స్వరములు వినవచ్చినవి. ఏ చట్టమును దీనిని నిర్దేశింపలేదు. ఒకమారు జరిగినది మరునాటికి ఆనవాయితీ యయ్యెను. ఆనవాయితీ క్రమముగా హక్కు వంటిదయ్యెను. కాలక్రమమున జెనీవా, బ్రస్సెల్సు, వాషింగ్టను నగరములలో హాంకాంగ్ వాణిజ్య కార్యాలయములును వెలసినవి.

ఇంతకును ఆ బల్లయొద్ద దేనిని గూర్చి బేరమాడిరి? ఎంత పంపవచ్చును అన్న ఒక్క అంకె మాత్రమే కాదు. ఏ సంవత్సరపు ఎగుమతిని మూలముగా తీసికొనవలెను? ఏటేట నూటికి ఎంత పెరుగుదల ఉండవలెను? చొక్కాలకు కేటాయించిన పరిమాణము మిగిలినచో లాగులకు వాడుకొనవచ్చునా? ఈ యేడు మిగిలినది వచ్చు యేటికి పోవునా? వచ్చు యేటిలోనిది ముందుగా అప్పు తీసికొనవచ్చునా? దీర్ఘకాలిక ఏర్పాటులో ఆంక్షలు కొనసాగినచో ఏటికి నూటికి 5 వంతుల పెరుగుదల ఉండవలెనను నియమముండెను. చూచుటకు ఇవి గుమాస్తా లెక్కలవలె నుండును. కాని నూటికి ఐదు వంతుల తేడా అనగా కొన్ని కర్మాగారములు తెరచుటయో, మూయుటయో. ఈ లెక్కలలో ఆరితేరిన అధికారులను హాంకాంగ్ తయారుచేసికొనెను. ఎదుటి దేశమున ఈ శాఖకు ఇది వంద పనులలో ఒకటి. హాంకాంగ్ అధికారికి ఇదియే పని.

అన్నింటికంటె ముఖ్యమైన అంశము మరియొకటి కలదు. హద్దును ఎవరు అమలు జరుపవలెను? కొనుగోలు దేశము తన రేవులో ఆపవచ్చును. లేదా అమ్మకపు దేశము తన రేవులోనే ఆపుకొనవచ్చును. హాంకాంగ్ రెండవ పద్ధతిని పట్టుకొని వదలలేదు. దీని మర్మమును ఇట్లు చెప్పవచ్చును. ఒక ఊరికి వంద బస్తాల బియ్యమే పోవలెనన్న నిర్బంధమున్నచో ఆ ఊరిలో బియ్యము ధర పెరుగును. ఆ పెరిగిన ధర ఎవరి సంచిలో పడునన్నది, అనుమతి చీటీ ఎవరి చేతనున్నదో దానినిబట్టి యుండును. చీటీ కొనువాని చేతిలో నున్నచో లాభము వానిది. అమ్మువాని చేతిలో నున్నచో లాభము వీనిది. ఎగుమతి లైసెన్సులను హాంకాంగ్ ప్రభుత్వమే ఇచ్చుటవలన, ఆంక్ష వలన పెరిగిన ధరలో పెద్ద పాలు హాంకాంగ్‌లోనే నిలిచినది.

ఆ లైసెన్సులకు ఆధారమైన వాటాను కోటా యనిరి. పూర్వము ఎవరు ఎంత పంపిరో ఆ లెక్క ప్రకారము కోటాలు పంచబడెను. వాడుకొననివాడు మరియొకనికి బదలాయింపవచ్చును గనుక, కోటాకే ఒక ధర ఏర్పడెను. యంత్రము లేకున్నను కోటా ఉన్నచో దానిని అమ్ముకొని బ్రతుకవచ్చునన్న వింత స్థితియు వచ్చినది. మరియొక ఫలితము మరింత గమనింపదగినది. హద్దు గజములకును, డజనులకును గాని, వెలకు కాదు. డజను చవుక చొక్కాలు పంపినను, డజను ఖరీదైన చొక్కాలు పంపినను కోటాలో తరుగునది ఒక్క డజనే. అందుచేత హాంకాంగ్ దర్జీలు మేలైన గుడ్డకు, నాజూకైన కుట్టునకు, క్రొత్త మోస్తరులకు మరలిరి. నూలుకు హద్దు పెట్టినపుడు కృత్రిమ దారములకు, ఉన్నికి మారిరి. చవుక సరకును ఆపుటకు కట్టిన గోడ, సరకును మేలుచేయుటకు నిచ్చెన యయ్యెను.

ఆ మార్పును చూచి కొనుగోలు దేశములు ఊరకుండలేదు. 1971 అక్టోబరులో అమెరికా ఒత్తిడికి లోబడి జపాను, దక్షిణ కొరియా, తైవాను, హాంకాంగ్ తమ ఉన్ని, కృత్రిమ దారపు బట్టలకును హద్దులు అంగీకరించినవి. 1974 జనవరి 1నుండి నూలు, ఉన్ని, కృత్రిమ దారములు మూడింటికిని కలిపి బహుళ తంతువుల ఏర్పాటు అమలులోనికి వచ్చెను. ఇందు మనకు సంబంధించిన మాట ఒకటి కలదు. కుటీర పరిశ్రమలో తయారైన చేనేత బట్టలకు, తగిన ధ్రువపత్రమున్నచో, ఈ ఏర్పాటు వర్తింపదని అందులోని 12వ అధికరణము చెప్పినది. మిల్లుల పోరులో మగ్గము నలిగిపోరాదన్న యోచన అందు కనబడుచున్నది.

1973 జనవరిలో బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజమున చేరుటతో కథ పూర్తిగా మలుపు తిరిగెను. ఆ సమాజపు సభ్యదేశముల విదేశీ వాణిజ్యమును అందరి తరఫున బ్రస్సెల్సులోని కమిషను నడపును. ఇక హాంకాంగ్ ప్రతినిధులు బ్రస్సెల్సులో కూర్చున్నపుడు ఎదుటి పక్షమున తమ పాలకదేశమును ఒక భాగస్వామి యయ్యెను. రాణిగారి పేర హాంకాంగ్‌ను పాలించు అధికారులు, రాణిగారి ప్రభుత్వము సభ్యత్వము వహించిన సమాజముతో వాదించవలసివచ్చినది. 1977లో జరిగిన సంప్రదింపులలో ఆ సమాజము మిక్కిలి కఠినముగా వ్యవహరించి, కొన్ని రకములలో హాంకాంగ్ అంతకు మునుపు పంపుచున్నదానికంటెను తక్కువకు కోత విధించెను. బేరమాడు స్వేచ్ఛ ఉన్నంతమాత్రమున బేరములో బలము రాదని ఆ సంవత్సరము తెలిసినది. హాంకాంగ్ స్వేచ్ఛా రేవు గనుక ప్రతీకారముగా వేయుటకు సుంకములు లేవు. మూయుటకు తలుపు లేదు. వాదనా పటిమయు, నియమముల పరిజ్ఞానమును, ఓర్పును మాత్రమే దాని ఆయుధములు.

ఇచట మనమొక ప్రశ్న వేసికొనక తప్పదు. ఈ స్వాతంత్ర్యము ఎవరిది? బల్లయొద్ద మాటాడినవారు వలసప్రభుత్వపు అధికారులు. పై పదవులలో నున్నవారు చాల కాలము బ్రిటిషువారే. వారికి సలహా చెప్పినవారు మిల్లు యజమానులు, వర్తకులు. కోటా ఆస్తియై దక్కినది కర్మాగారదారులకు, ఎగుమతిదారులకు. దారము ముడివేసిన, గుండీ కుట్టిన స్త్రీలకు ఆ బల్లయొద్ద చోటు లేదు. హాంకాంగ్ శాసనసభలో ఎన్నికైన సభ్యుడు 1985 వరకు ఒక్కడును లేడు. కర్మాగారములలో స్త్రీలకు వారమునకు 48 గంటల పని పరిమితి 1971 నాటికి గాని రాలేదు. శ్రామికులను పిండి చవుకగా అమ్ముచున్నారని లాంకషైరు చేసిన ఆరోపణ స్వార్థముతో కూడినదైనను, పూర్తిగా అసత్యమని త్రోసివేయలేము. ఐనను ఆ కుట్టుపనియే లక్షలాది శరణార్థి కుటుంబములకు కూడు పెట్టినదన్నదియు సత్యమే. హద్దు ఒక మెట్టు దిగినచో ఆ కుటుంబముల పొయ్యిపై దాని ప్రభావముండెను. బయట స్వరము కలిగి, లోపల ప్రజాస్వరము లేని ఈ స్వాతంత్ర్యమును సగపు స్వాతంత్ర్యమనుటయే న్యాయము.

సగమే యైనను అది మన్నినది. 1984 డిసెంబరులో బ్రిటను, చీనా సంయుక్త ప్రకటనపై సంతకములు చేసి, 1997లో హాంకాంగ్ చీనాకు చేరునని నిశ్చయించినపుడు, హాంకాంగ్ ప్రత్యేక సుంక ప్రాంతముగా కొనసాగునని అందులో వ్రాసికొనిరి. గాట్ ఒడంబడికలో ఒక వెసులుబాటు కలదు: విదేశీ వాణిజ్యములో పూర్తి స్వయంప్రతిపత్తి గల సుంక ప్రాంతము, సార్వభౌమ రాజ్యము కాకున్నను, పాలకదేశపు ప్రకటనతో ప్రత్యేక సభ్యత్వము పొందవచ్చును. ఆ స్వయంప్రతిపత్తికి హాంకాంగ్ చూపదగిన నిదర్శనములలో బట్టల సంప్రదింపుల చరిత్ర ముఖ్యమైనది. 1986 ఏప్రిల్ 23న అది గాట్‌లో ప్రత్యేక సభ్యత్వము పొందెను. 1990లో చీనా ఆమోదించిన హాంకాంగ్ మూలచట్టపు 116వ అధికరణము ఈ స్థితిని స్థిరపరచినది. అందులో గాట్‌తో పాటు అంతర్జాతీయ బట్టల వ్యాపారపు ఏర్పాట్లను పేరెత్తి చెప్పి, 'హాంకాంగ్, చీనా' అను పేరుతో పాల్గొనవచ్చుననిరి. సంపాదించిన ఎగుమతి కోటాలు హాంకాంగ్ ఒక్కదానికే చెందుననిరి. ఒక భూభాగపు మూలచట్టమున చొక్కాల, లాగుల వ్యాపారమునకు ప్రత్యేకముగా చోటు దొరకుట అరుదైన సంగతి. ముప్పది యేండ్ల బేరసారముల ముద్ర అది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినపుడు హాంకాంగ్ వ్యవస్థాపక సభ్యులలో ఒకటి. అదే సంవత్సరము బట్టల ఆంక్షలను పది యేండ్లలో దశలవారీగా తొలగించు ఒప్పందము అమలులోనికి వచ్చి, 2005 జనవరి 1నాటికి కోటాల యుగము ముగిసినది. ఆనాటికే హాంకాంగ్ కుట్టుమిషనులు చాలవరకు చీనా ప్రధాన భూభాగమునకు తరలిపోయినవి. బట్టలు పోయినవి, ఆంక్షలు పోయినవి, బట్టల వలన వచ్చిన ఆసనము మాత్రము నిలిచినది.

ఆ ఆసనము విలువ ఇటీవల మరల పరీక్షకు వచ్చినది. హాంకాంగ్ స్వయంప్రతిపత్తి తగినంత నిలిచియుండలేదన్న కారణముతో అమెరికా 2020లో దానికిచ్చుచున్న ప్రత్యేక గౌరవమును ఉపసంహరించి, అచట తయారైన సరకుపై 'చీనా' అను గుర్తు ఉండవలెనని ఆదేశించెను. హాంకాంగ్ తన పేరనే ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసెను. 2022 డిసెంబరులో విచారణ సంఘము ఆ ఆదేశము నియమవిరుద్ధమని తీర్పు చెప్పినది. అమెరికా అప్పీలు చేసినది. అప్పీళ్లు వినవలసిన మండలి 2019 డిసెంబరునుండి సభ్యులు చాలక పనిచేయుట మానియున్నందున తీర్పు అమలునకు రాక నిలిచిపోయెను. స్వయంప్రతిపత్తి యనునది కాగితముపై నుండుట ఒక యెత్తు, ఇతరులు దానిని నమ్ముట మరియొక యెత్తు అని ఈ వ్యవహారము మనకు తెలుపుచున్నది.

హాంకాంగ్ కథనుండి మనము గ్రహింపవలసినదేమి? 1896లో లాంకషైరు కోరినపుడు భారతదేశమును ఎవరును అడుగలేదు, పన్ను వేసిరి. 1959లో లాంకషైరు కోరినపుడు హాంకాంగ్‌ను అడుగవలసివచ్చినది. ఆ నడుమ కాలము మారినది, సామ్రాజ్యము సన్నగిల్లినది, పాలకుల అంతరాత్మకంటె లోకనిందా భయము ఎక్కువ పని చేసినది. అడుగబడిన నాడు హాంకాంగ్ ఓడినది. కాని అడుగబడుట అలవాటైనది. ఆ అలవాటును అది లెక్కల నేర్పుతోను, ఓర్పుతోను హక్కుగా మార్చుకొనెను. ఆ హక్కులో కుట్టుపని చేసిన చేతులకును ఒక చోటు దొరికియుండినచో కథ నిండుగా నుండెడిది. మన పెట్టెలో ఎన్నడైన 'హాంకాంగ్‌లో తయారైనది' అను గుర్తు గల పాత చొక్కా కనబడినచో, ఆ చిన్న గుర్తు వెనుక ఇంత పెద్ద బేరము జరిగినదని జ్ఞప్తి చేసికొందము.